ఐసు గ్లాసు అడుగున తెల్ల పొడి

మే నెల మధ్యాహ్నం వినుకొండలో ఎవరింటికైనా చుట్టం వస్తే, చెప్పులు విడవకముందే మంచినీళ్ళ గ్లాసు చేతికందాలి. అదీ చల్లగా ఉండాలి. ఓ వేసవిలో మా ఇంట్లో నీళ్ళ ఫిల్టరు చెడిపోయింది. బాగుచేసే కుర్రాడు రేపు మాపంటూ వారం తిప్పాడు. ఆ వారమంతా ఐసు ట్రేలో బోరు నీళ్ళే పోశాం. వచ్చిన చుట్టానికి నీళ్ళలో నాలుగు ఐసు ముక్కలు వేసిచ్చాం. అవి కరిగాక గ్లాసు అడుగున సన్నటి తెల్ల రేకులు కనబడ్డాయి. ఆయన గ్లాసు వెలుతురుకి ఎత్తి చూసి, "ఇదేంటమ్మాయ్, సున్నం కలిపారా?" అన్నాడు.

ఎగతాళికే అన్నాడు గానీ, ఆ మాట నిజం. గ్లాసులో ఉన్నది సున్నపురాయే. పిడుగురాళ్ళ క్వారీల్లో తవ్వి తీసే రాయి, కోడిగుడ్డు పెంకు, ఈ రేకులు అన్నీ ఒకటే పదార్థం. దాని పేరు కాల్షియం కార్బొనేట్. పోసినప్పుడు నీళ్ళు తేటగానే ఉన్నాయి, ట్రే కడిగిందే. మరి ఈ రాయి ఎక్కడినుంచి వచ్చింది?

ప్రపంచంలో కొందరు కుర్రాళ్ళు, అమ్మాయిలు నాలుగైదేళ్ళు ఇదే ప్రశ్న పట్టుకుని డాక్టరేట్ చేస్తుంటారు. వాళ్ళ అంశం పేరు వింటే భయం వేస్తుంది: గడ్డకట్టిన ప్రదేశాల్లో ఖనిజాలు ఏర్పడే తీరు, అక్కడ కర్బనం తిరిగే చక్రం. వాళ్ళు గ్రీన్‌లాండ్ పోతారు, స్వీడన్ ఉత్తరపు కొసకి పోతారు, అంటార్కిటికాకి పోతారు. అక్కడ వాళ్ళు వెతికేదానికీ, మా చుట్టం గ్లాసు అడుగున దిగినదానికీ మూలం ఒక్కటే.

ముందు వంటింట్లోనే దీని సంగతి తేల్చుకుందాం. బోరు నీళ్ళు కాచే గిన్నె అడుగున తెల్లగా పెచ్చు కట్టడం మన వైపు అందరికీ తెలిసిందే. గీజరు రాడ్డు మీదా అదే పెచ్చు. భూమిలో నీళ్ళు రాళ్ళ సందుల్లో తిరిగేటప్పుడు వేళ్ళూ సూక్ష్మజీవులూ వదిలిన బొగ్గుపులుసు వాయువు, అంటే కార్బన్ డయాక్సైడ్, వాటిలో కరుగుతుంది. అప్పుడు నీళ్ళకి కొంచెం పులుపు వస్తుంది. ఆ పులుపు సున్నపురాయిని కరిగించి బైకార్బొనేట్ అనే రూపంలో తనలో దాచుకుంటుంది. కంటికి ఏమీ కనబడదు. ఆ నీళ్ళు పొయ్యి మీద పెడితే వాయువు ఎగిరిపోయి, రాయి మళ్ళీ రాయిగా గిన్నెకి అంటుకుంటుంది.

ఫ్రిజ్‌లో పొయ్యి లేదు. అక్కడ జరిగేది ఇంకోటి. నీళ్ళు గడ్డకట్టేటప్పుడు ఐసు తనలోకి నీటిని మాత్రమే తీసుకుంటుంది, ఉప్పుల్నీ గాలినీ బయటకి నెట్టేస్తుంది. ఐసు ఫ్యాక్టరీ దిమ్మని ఎప్పుడైనా పరకాయించి చూడండి. అంచులు అద్దంలా ఉంటాయి, నడిమధ్య మాత్రం తెల్లగా మసక గీత ఉంటుంది. చలి అంచులనుంచి లోపలికి పోతూ, నీళ్ళలో ఉన్న గాలినీ ఉప్పునీ మధ్యకి తోసుకుపోయింది. చివరికి మిగిలిన గుక్కెడు నీళ్ళలో ఉప్పంతా చిక్కబడి, ఇక కరిగి ఉండలేక గడ్డగా విడిపోతుంది. ఐసు కరిగినంత తేలిగ్గా ఆ రాయి మళ్ళీ కరగదు. గ్లాసు అడుగున దిగుతుంది.

అంటే మరిగినా అదే పొడి, గడ్డకట్టినా అదే పొడి. ఎండా చలీ రెండూ ఉప్పుకి దక్కకుండా నీటిని లాగేసుకునేవే. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే ధ్రువాల సైన్సు సగం అర్థమైనట్టే. మిగతా సగం కర్బనం కథ.

ఆ కథ కోసం మన చేలోకి పోదాం. మన వైపు నల్లరేగడిలో పత్తి మోళ్ళు పీకేటప్పుడు మట్టిలో చిన్న చిన్న తెల్ల గులకలు తగులుతుంటాయి. శనగగింజంత నుంచి నిమ్మకాయంత దాకా ఉంటాయి. వానాకాలం నీళ్ళు మట్టిలోకి దిగి సున్నాన్ని కరిగిస్తాయి, ఎండాకాలం ఆ నీళ్ళు ఆవిరై సున్నం గులకగా పేరుకుంటుంది. వేల ఏళ్ళుగా ఏటా కొంచెం కొంచెం. ఆ గులక మీద నిమ్మకాయ పిండి చెవి దగ్గర పెట్టుకోండి. సన్నగా బుసబుసమంటుంది. ఆ బుడగల్లో బయటికి వచ్చేది బొగ్గుపులుసు వాయువే. ఏనాటివో మొక్కల వేళ్ళు వదిలిన కర్బనం అందులో రాయిగా దాగి ఉండి, మీ నిమ్మరసం దెబ్బకి మళ్ళీ గాలిలో కలిసింది.

ఇక్కడ ఒక చిన్న లెక్క ఉంది, దీన్ని గుర్తుంచుకోవాలి. నీటిలోని రెండు పాళ్ళ బైకార్బొనేట్ విడిపోతే ఒక పాలు రాయిలోకి పోతుంది, ఒక పాలు వాయువై బయటికి పోతుంది. రాయి పుట్టిందంటే కర్బనం అంతా బందీ అయిందని అనుకోకూడదు. సగం పట్టుబడి సగం తప్పించుకుంటుంది. పిడుగురాళ్ళ బట్టీల్లో ఆ పట్టుబడ్డ సగాన్నీ విడిపిస్తారు. 100 కిలోల శుద్ధమైన సున్నపురాయి కాలిస్తే 56 కిలోల సున్నం చేతికొస్తుంది, 44 కిలోలు వాయువై పొగలో పోతుంది. ఆ సున్నం తడిపి గోడకి కొడితే అది గాలిలోంచి వాయువుని మెల్లగా తిరిగి పీల్చుకుని మళ్ళీ రాయవుతుంది. పాత ఇళ్ళ సున్నపు గోడలు ఏళ్ళు గడిచేకొద్దీ గట్టిపడడం అందువల్లే.

ఇక చలి దేశానికి పోదాం. దారిలో చినగంజాం ఉప్పు మడుల దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. సముద్రపు నీళ్ళు మడిలో కట్టి ఎండకి వదిలేస్తే ఉప్పుకంటే ముందు దిగేది సున్నం. తరవాత జిప్సం. ఆ తరవాత గానీ మనం కూరలో వేసుకునే ఉప్పు రాదు. ఎండ ఒక్కో సరుకునీ ఒక వరుసలో దింపుతుంది. ధ్రువ సముద్రాల్లో ఇదే పని చలి చేస్తుంది. సముద్రపు నీరు సున్నాకి 1.8 డిగ్రీలు దిగువన గడ్డకట్టడం మొదలవుతుంది. ఐసు బయటికి నెట్టిన ఉప్పునీరు వెంట్రుకంత సందుల్లో చిక్కుకుంటుంది. మైనస్ 10 వచ్చేసరికి ఆ సందుల్లో నీరు మామూలు సముద్రపు నీటికి నాలుగు రెట్ల ఉప్పన. అక్కడా వరుస ఉంది: మొదట కాల్షియం కార్బొనేట్, మైనస్ 6.4 దగ్గర సోడియం సల్ఫేట్ రకం ఉప్పు, మైనస్ 22.9 దగ్గర మన తిండి ఉప్పు. ఆ తిండి ఉప్పు కూడా ఒక్కో అణువు వెంట రెండేసి నీటి అణువుల్ని వేసుకుని దిగుతుంది. చలికి దిగే ఉప్పులకి ఇలా నీళ్ళని ఒళ్ళో కూర్చోబెట్టుకునే అలవాటు ఎక్కువ.

ఆ అలవాటు బాగా ముదిరినది ఐకైట్. ఇదీ కాల్షియం కార్బొనేటే, కాకపోతే ఒక్కో అణువు చుట్టూ ఆరు నీటి అణువులుంటాయి. తూకం వేస్తే సగానికి పైగా నీళ్ళే: 100 కిలోల ఐకైట్‌లో 52 కిలోలు నీరు, 48 కిలోలు సున్నపురాయి. గ్రీన్‌లాండ్ నైరుతి తీరంలో ఇక్కా అనే సన్నటి సముద్రపు పాయ ఉంది. దాని అడుగునుంచి తెల్లటి స్తంభాలు లేచి ఉంటాయి, కొన్ని 18 మీటర్ల ఎత్తువి. అంటే ఆరంతస్తుల మేడంత. 1963లో డెన్మార్క్ ఖనిజ శాస్త్రవేత్త హన్స్ పౌలీ ఇవి కొత్త ఖనిజమని తేల్చి ఆ పాయ పేరే పెట్టాడు. అడుగున ఊటలనుంచి వచ్చే క్షారపు నీళ్ళు చల్లటి సముద్రపు నీటితో కలిసేచోట ఈ స్తంభాలు పెరుగుతాయి. ఓ ముక్క విరిచి పడవ మీదికి తెచ్చి గది వేడిలో పెడితే కాసేపటికి తడిసిన సుద్దపిండి ముద్ద మిగులుతుంది. ఏడెనిమిది డిగ్రీలు దాటితే దానికి పొసగదు. వినుకొండ ఎండలో ఎంతసేపు ఉంటుందో మీరే ఊహించుకోండి.

ఈ గుణం వల్లే ఐకైట్ చాలాకాలం శాస్త్రవేత్తలతో దాగుడుమూతలాడింది. సముద్రపు ఐసులో ఇది ఉండి తీరాలని లెక్కలు చెప్పేవి, కంటితో చూసినవాళ్ళు లేరు. ఐసు ముక్క తెచ్చి గదిలో కరిగించి పరీక్షిస్తే, ఐసుతో పాటు అదీ మాయమయ్యేది. జర్మనీలోని ఆల్ఫ్రెడ్ వెగెనర్ సంస్థకి చెందిన గెర్హార్డ్ డీక్‌మన్ బృందం అంటార్కిటికా ఐసుని చలి పోనివ్వకుండా జాగ్రత్తగా కరిగించి, స్ఫటికాలు పట్టుకుని 2008లో ప్రకటించింది. నాకు ఈ సంగతి చదివినప్పుడు దొంగని పట్టడానికి లైటు వేసుకుని పోయిన పోలీసు గుర్తొచ్చాడు. పరీక్ష చేసే పద్ధతే సాక్ష్యాన్ని చెరిపేస్తుంటే ఎన్నేళ్ళు వెతికినా ఏం లాభం? చలి ప్రదేశాల్లో డాక్టరేట్ చేసేవాళ్ళ కష్టంలో ముప్పాతిక భాగం ఇదే. నమూనాని దాని చలిలోనే, దాని చీకట్లోనే, గాలి తగలకుండా ప్రయోగశాల దాకా తేవాలి. ఇనుము ఉన్న మట్టయితే మరీ కష్టం, గాలి సోకితే నిమిషాల్లో తుప్పు పడుతుంది. అందుకని ఆక్సిజన్ లేని గాజు పెట్టెలో చేతులు దూర్చి పనిచేస్తారు.

ఐకైట్ వల్ల ఏమిటట? ఇందాకటి లెక్క గుర్తుందిగా, సగం రాయి, సగం వాయువు. చలికాలంలో ఐసు సందుల్లో ఐకైట్ పుట్టినప్పుడు విడివడిన వాయువు ఆ చిక్కటి ఉప్పునీటిలోనే ఉంటుంది. ఉప్పునీరు బరువు. అది కిందికి జారి లోతు నీటిలో కలుస్తుంది, తనతో వాయువుని తీసుకుపోతుంది. ఎండాకాలం ఐసు కరిగినప్పుడు పైన మిగిలిన ఐకైట్ నీటిలో కరుగుతూ గాలిలోని వాయువుని లాక్కుంటుంది. అలా ధ్రువ సముద్రం ఏటా ఒక పంపు కొట్టినట్టు కర్బనాన్ని కిందికి దింపుతుంది. ఆ పంపు ఎంత పెద్దదన్న దాని మీద పండితులు ఇంకా వాదించుకుంటున్నారు. ఐసే తగ్గిపోతుంటే పంపు ఎన్నాళ్ళు కొడుతుంది అన్నది దాని వెనకే వచ్చే ప్రశ్న.

సముద్రం వదిలి నేల మీదికి వస్తే కథ ఇంకా పెద్దది. సైబీరియా, అలాస్కా, కెనడా ఉత్తరాన రెండేళ్ళకి తక్కువ కాకుండా, చాలాచోట్ల వేల ఏళ్ళుగా గడ్డకట్టే ఉన్న నేలలున్నాయి. వాటిలో కుళ్ళకుండా మిగిలిన వేళ్ళు, ఆకులు, నాచు రూపంలో సుమారు లక్షన్నర కోట్ల టన్నుల కర్బనం ఉందని అంచనా. ఇప్పుడు గాలిలో ఉన్న కర్బనానికి ఇది దాదాపు రెట్టింపు. ఫ్రిజ్‌లో పెట్టిన దోసెల పిండిలా ఉంది ఆ నేల. చల్లగా ఉన్నంతసేపు పిండి కదలదు. కరెంటు పోయి ఆరు గంటలైతే గిన్నె మూత లేస్తుంది. ఆ బుడగలూ బొగ్గుపులుసు వాయువే, దాన్ని వదిలేవీ సూక్ష్మజీవులే. ఆర్కిటిక్ మిగతా భూమికంటే మూడు నాలుగు రెట్ల వేగంతో వేడెక్కుతోంది. అక్కడ కరెంటు పోవడం మొదలైంది.

మంచు నేల గురించి పత్రికల్లో వచ్చే కథలు చాలావరకు ఇక్కడితో ఆగిపోతాయి: కరిగింది, కుళ్ళింది, వాయువు వచ్చింది. కానీ పిండి అంతా గిన్నెలో వదులుగా లేదు. అందులో కొంత ఖనిజాలకి జిగురులా అతుక్కుని ఉంది. ముఖ్యంగా ఇనప తుప్పుకి. తుప్పు రేణువు మీద అతుక్కున్న కర్బనం సూక్ష్మజీవి నోటికి తేలిగ్గా అందదు. అందుకని మంచు కరిగినా తుప్పు దాన్ని కాపాడుతుందేమో అని ఒక ఆశ ఉండేది. స్వీడన్ ఉత్తరాన అబిస్కో దగ్గర స్టోర్డాలెన్ అనే బురద నేల ఉంది. జర్మనీలోని ట్యూబింగెన్ విశ్వవిద్యాలయం పరిశోధకురాలు మోనిక్ పాట్జ్‌నర్, ఆమె సహచరులు అక్కడ గడ్డకట్టిన చోటునుంచి పూర్తిగా కరిగిన చోటు దాకా మట్టి తీసి చూశారు. 2020లో ప్రచురించిన ఫలితం ఆ ఆశని బాగా తగ్గించింది. మంచు కరిగి నేల నీటితో నానితే ఆక్సిజన్ అందదు. అప్పుడు కొన్ని బాక్టీరియాలు ఆక్సిజన్ బదులు తుప్పునే పీలుస్తాయి. తుప్పు కరిగి ఇనుము నీటిలోకి పోతుంది, దాన్ని అంటిపెట్టుకున్న కర్బనమూ విడుదలవుతుంది.

ఇది స్వీడన్‌కే పరిమితమైన వింత అనుకునేరు. సాగర్ కుడి కాలువ కింద వరి పొలాల్లో నీళ్ళు నిలవుండే మురుగు కాలువ గట్టున చూడండి, నీటి మీద నూనె తేలినట్టు రంగురంగుల తెర ఉంటుంది. ఇంజనాయిలు ఒలికిందనుకుంటాం. పుల్లతో కదిపి చూస్తే తెలుస్తుంది. నూనెయితే చీలి మళ్ళీ కలుస్తుంది. ఇనప తెర పెంకులా ముక్కలై విడిగానే ఉండిపోతుంది. నానిన మట్టిలో బాక్టీరియా కరిగించిన ఇనుము పైకొచ్చి, గాలి తగలగానే మళ్ళీ తుప్పై కట్టిన తెర అది. స్టోర్డాలెన్ బురదలో జరిగే పనే మన మురుగు కాలువలోనూ జరుగుతోంది. దీనికి ఎదురు ఉదాహరణా మన చేలోనే ఉంది. సున్నం ఎక్కువున్న నేలలో ఇనుము తుప్పుగానే బిగుసుకుపోయి మొక్కకి అందదు. లేత ఆకులు ఈనెలు తప్ప పసుపెక్కుతాయి. అప్పుడు రైతు అన్నభేదిలో చిటికెడు నిమ్మ ఉప్పు కలిపి పిచికారీ చేస్తాడు. ఇనుము కరిగి ఉందా, బిగిసి ఉందా అన్న ఒక్క ప్రశ్న మీద ఇక్కడ పంటా, అక్కడ కర్బనమూ ఆధారపడి ఉన్నాయి.

కెనడా వాయవ్యంలో పీల్ పీఠభూమి అనేచోట ఇంకో దెబ్బ కనిపెట్టారు. అక్కడ మంచు కరిగి గట్లు ఎకరాలకి ఎకరాలు జారిపోతుంటే, లోపల దాగిన గంధకం ఉన్న రాళ్ళు గాలికి తేలాయి. అవి గాలితో, నీటితో కలిసి గంధకామ్లం పుట్టించాయి. ఆ ఆమ్లం పక్కనే ఉన్న సున్నపురాయి మీద పడితే ఏమవుతుంది? మన చేలో గులక మీద నిమ్మకాయ పిండితే ఏమైందో అదే. కుళ్ళడంతో పని లేకుండా, ఏ జీవీ తినకుండా, రాతిలోని కర్బనం వాయువైపోతుంది. అలాస్కాలోని బ్రూక్స్ పర్వతాల్లో 75 ఏర్లూ వాగులూ నారింజ రంగుకి తిరిగాయని 2024లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. అదీ మంచు కింద ఇన్నాళ్ళూ నిద్రపోయిన ఇనుము, గంధకం మేలుకోవడమేనని వాళ్ళ అంచనా.

ఇందులో మన తెలుగు నేల వాటా ఏమిటని అడగవచ్చు. చలిలో బతికే బాక్టీరియాల జాబితాలో హైదరాబాదు ముద్ర గట్టిదే. అక్కడి జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో ఎస్. శివాజీ, ఆయన బృందం అంటార్కిటికాలో మన మైత్రి కేంద్రం ఉన్న షిర్మాకర్ ఒయాసిస్ మట్టినుంచి స్ఫింగోబాక్టీరియం అంటార్కటికస్ అనే కొత్త జాతిని 1992లో వర్ణించింది. గడ్డకట్టే చలిలోనూ జీవి పని ఆపదన్న సంగతి లేకుండా పైన చెప్పిన కర్బనం కథేదీ నడవదు. ఆర్కిటిక్‌లోనూ 2008 నుంచి మనకి హిమాద్రి కేంద్రం ఉంది. అక్కడి పనంతా గోవాలోని ధ్రువ పరిశోధన సంస్థ చూస్తుంది.

ఇంకా దగ్గరిది మన తీరంలోనే ఉంది. 2006లో జాయిడెస్ రిజల్యూషన్ అనే తవ్వకపు ఓడ కృష్ణా గోదావరి బేసిన్‌లో, సుమారు వెయ్యి మీటర్ల నీటి అడుగున బంకమట్టిలో 128 మీటర్ల మందాన గ్యాస్ హైడ్రేట్లు కనిపెట్టింది. చూపుకి ఐసు, అగ్గిపుల్ల గీస్తే మండుతుంది. నీటి అణువులు పంజరంలా కట్టుకుని, లోపల మీథేన్ వాయువుని బంధిస్తాయి. ఒక ఘనమీటరు హైడ్రేటు కరిగితే సుమారు 164 ఘనమీటర్ల మీథేన్ వస్తుంది. అక్కడ నీళ్ళు గడ్డకట్టేంత చలి లేదు. ఐసు బదులు వెయ్యి మీటర్ల నీటి బరువు దాన్ని అణచిపెట్టింది. ఆ మీథేన్ చేసినవీ సూక్ష్మజీవులే, వాటికి మేత నదులు మోసుకొచ్చిన మట్టిలోనిదీ, సముద్రంలో చచ్చి అడుగుకి దిగినదీ. గుండ్లకమ్మ తన దారిన తను సముద్రంలో కలుస్తుంది గానీ, పల్నాటి వాగులు చాలావరకు కృష్ణలోకే పోతాయి. ఏనాటి పల్నాటి రేగడో ఆ పంజరాల చుట్టూ బంకమట్టిగా పేరుకుని ఉంది. పైకి రాబోయిన మీథేన్‌లో కొంత దారిలోనే బాక్టీరియాకి చిక్కి బైకార్బొనేట్ అవుతుంది. సముద్రంలోని కాల్షియం దాన్ని పట్టుకుని సున్నపురాయిగా మారుస్తుంది. అక్కడి బురదలో ఆ రాళ్ళూ దొరికాయి.

మా చుట్టం ఆ రోజు గ్లాసు పక్కన పెట్టి మజ్జిగ తాగి వెళ్ళాడు. ఈసారి వస్తే ఈ కథంతా చెప్పి మళ్ళీ ఐసు నీళ్ళు ఇద్దామనుకుంటున్నాను, ఆయన కూర్చుంటాడో లేదో. మీరూ చూడాలనుకుంటే పెద్ద ఏర్పాటేమీ అక్కర్లేదు. ఐసు ట్రేలో బోరు నీళ్ళు పోసి రాత్రంతా ఉంచండి. తెల్లారి ముక్కల్ని గాజు గ్లాసులో వేసి, కరిగేదాకా కదపకుండా వెలుతురులో పెట్టండి. అడుగున తెల్ల రేకులు దిగాక నీళ్ళు మెల్లగా వంచేసి, మిగిలిన తడి మీద నాలుగు చుక్కల నిమ్మరసం వేసి చూడండి, రేకులు కరిగిపోతాయి. ఆర్‌ఓ ఫిల్టరు నీళ్ళతో మాత్రం చేయకండి, అందులో సున్నం పెద్దగా మిగలదు.